బాపు కాలి ప్లేటుకు అవ్వ రాసిన పసుపు

హైదరాబాద్, 9-8-1986

అవ్వకు, బాపుకు దండాలు. నేను బాగున్నాను, ఫికర్ పడకండి.

విరిగిన ఎముకకు వేసి, మొన్న బాపు కాలిలోంచి తీసిన స్టీలు ప్లేటు అందింది. ఇలాంటివి ఒంట్లో చెడకుండా పైన ప్లాస్టిక్ లాంటి పలచని పూత వేసి, అది నిలుస్తుందో లేదో మైక్రోస్కోపులో చూడటమే గదా నా పని. కడగకుండా పంపమంటే, అవ్వ చింతపండుతో తోమి పసుపు కూడా రాసి పంపింది. మా సారు, "గీ తోమిన ముక్కతోని ఏం తెలుస్తదమ్మా" అని విసుక్కున్నారు.

అయినా తుడిచి, మైక్రోస్కోపులో నీలి వెలుతురు కింద పెట్టాను. అవ్వా, నీ పసుపు మెరిసింది. నున్నగా కనిపించే ప్లేటు నిండా సన్నని గుంటలు, ఒక్కో గుంటలో పసుపు. మా ప్లేట్లకూ పసుపు రాసి చూశాం. పూత ఊడిన చోటల్లా ఇవే గుంటలు. పూత ఎందుకు ఊడుతుందో ఆరు నెలలుగా అంతుపట్టనిది ఒక్క పూటలో తేలింది. సారు అందరినీ పిలిచి చూపించి, "మీ అవ్వను ఇంకింత పసుపు పంపుమను" అన్నారు. దంచినది పావుకిలో పంపండి. మందమర్రిలో వానలెట్లున్నాయి? వంటింటి కప్పు ఇంకా కురుస్తుందా?

బాపూ, ఆ గుంటలు నీ కాలిలో ఉండగా ఉక్కును తుప్పు తిన్న గుర్తులు. రెండేండ్లు నువ్వు నొప్పి అంటే బొగ్గు గని మీద అందరూ డ్యూటీ ఎగ్గొట్టే సాకు అన్నారు. ఫోటో వేరే కవరులో వేశాను, వాళ్లకు చూపించు. ఒకనాడు నేను కూడా నమ్మలేదు. నీ కాళ్లకు మొక్కుతున్నాను, ముందుగా ఆ కుడి కాలికి.

మీ బిడ్డ
సులోచన