లెన్సు గూట్లో జకుస్కా సీసా

అమ్మా, డెల్టాకి క్షేమంగానే చేరాను, నీ మీద మాత్రం ఒళ్లు మండిపోతోంది.

నిన్న పడవలో పెలికాన్ పక్షుల గుంపు కనబడగానే కెమెరా సంచీ తెరిచాను. పొడుగు లెన్సు ఉండాల్సిన గూట్లో నీ వంకాయ జకుస్కా సీసా! బరువు సరిపోయేసరికి నాకు అనుమానమే రాలేదు. "వాటికి ఫొటో తీస్తావా అమ్మాయ్, పచ్చడి పెడతావా?" అని పడవ నడిపే నికిఫోర్ తాత ఒకటే నవ్వు. చిన్న లెన్సుతో తీస్తే పెలికాన్లు తెల్ల నలుసుల్లా పడ్డాయి. ఇవి చూస్తే నన్ను పంపిన పత్రికవాళ్లు మళ్లీ పిలుస్తారా?

ఆ లెన్సు తువ్వాల్లో చుట్టి వెంటనే ఇటు వచ్చే తుల్చా బస్సు డ్రైవరు చేతికివ్వు. నాన్న మోకాలు ఎలా ఉంది? సీసా ఖాళీ అయింది, తాత రొట్టెతో అడుగు కూడా తుడిచేశాడు. ఇంకోటి పెట్టు. లెన్సుతో పాటు పెట్టు, లెన్సు తీసేసి కాదు.

నాన్నకి ముద్దులు. నీకు మాత్రం, లెన్సు నా చేతికి అందాకే.

ఇలింకా