అటెండెంటుతో బంధుత్వం

ఫిబ్రవరి 5, సోమవారం
మూడో కీమోకు దాలమ్మ రాలేదు. రొమ్ము క్యాన్సర్ చికిత్సను స్త్రీలు మధ్యలో ఎందుకు మానేస్తారన్నది నా పరిశోధనాంశం. కారణాలను పదిహేడు గడులుగా విభజించాను. దాలమ్మను ఏ గడిలో చేర్చాలో నిర్ణయం వాయిదా వేయడమైనది.

ఫిబ్రవరి 7
ఆమె ఇచ్చిన నంబరు కళింగపట్నంలో ఒక టీ దుకాణానిది. యజమాని ధనరాజ్ కబురు చెబుతానన్నాడు, నేను భోంచేశానా అని కూడా అడిగాడు. ఈ వారం నాతో ఫోన్లో ఎక్కువసేపు మాట్లాడిన వ్యక్తి ఆయనే.

ఫిబ్రవరి 9
కబురు లేదు. రెండు కీమోలకే గడ్డ సగం తగ్గింది. ఇప్పుడు ఆపితే మళ్ళీ పెరుగుతుంది.

ఫిబ్రవరి 11, ఆదివారం
కళింగపట్నం వెళ్ళాను. దాలమ్మ గుండు మీద కొంగు కప్పుకుని, ఇసుకలో ఎండబెట్టిన చేపలను తిరగేస్తోంది. గైర్హాజరుకు కారణం కోరాను. రొంటిలోంచి నలిగిన కాగితం తీసి ఇచ్చింది. మా విభాగానిదే. 'అటెండెంటు లేనిదే కీమో ఇవ్వబడదు.' మొదటి రెండుసార్లు తోడొచ్చిన ఆడపడుచు ఈశ్వరి పని వెతుక్కుంటూ చెన్నై వెళ్ళిపోయిందట.

"మనిసిని ఎంటెట్టుకొని రమ్మన్నారు గదమ్మా. నాకు మనిసెక్కడున్నాది?"

చేపలు తిరగేయడం మాత్రం ఆపలేదు.

ఆ నిబంధన రాసింది నేనే. ప్రతివారికీ ఎవరో ఒకరు ఉంటారన్నది అందులోని ప్రాతిపదిక. రచయిత్రి విషయంలో దానిని పరీక్షించి ఉండవలసింది.

ఫిబ్రవరి 12
నిబంధన సడలించాలంటే కమిటీ కూర్చోవాలి. కమిటీ ఏప్రిల్లో కూర్చుంటుంది. డ్యూటీలో ఉన్న డాక్టరు అటెండెంటు కారాదు. సెలవులో ఉన్న డాక్టరు గురించి నిబంధన మౌనం వహించింది. ఎల్లుండికి క్యాజువల్ లీవు పెట్టాను. కారణం: కుటుంబ కార్యం. గుమస్తా గోపి రెండుసార్లు చదివి, మీకు కుటుంబం ఉందా మేడమ్ అన్నాడు. విచారణలో ఉందన్నాను. ధనరాజ్‌తో దాలమ్మకు కబురు పంపాను.

ఫిబ్రవరి 14
నర్సు రేఖకు నేను ఆరేళ్ళుగా తెలుసు. అయినా ఫారం నింపుతూ, అటెండెంటుతో బంధుత్వం ఏమిటని అడిగింది. అడగాలని ఆమెకు నేర్పింది నేనే. జవాబు మాత్రం సిద్ధం చేసుకోలేదు.

"నా సెల్లి. రాసుకో," అంది దాలమ్మ.

రేఖ తలెత్తకుండా రాసింది.

అటెండెంట్ల కుర్చీకి ఒక కాలు పొట్టి. మూడు గంటలు కూర్చున్నాను. దాలమ్మ నా చెయ్యి పట్టుకుని నిద్రపోయింది. చెయ్యి తిమ్మిరెక్కింది. తీయలేదు.

మార్చి 4
ఎల్లుండికి మళ్ళీ లీవు. కారణం: మా అక్క.