రాజు తల్లి పేరు మీద

మైదుకూరు, 1936 జూలై, గురువారం

ఈరోజు బడిలో ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ జరిగిన నూరేళ్ల యుద్ధం చెప్పాను. ఫ్రాన్సు తన తల్లి పుట్టిల్లు కాబట్టి తనకే రావాలన్నాడు ఇంగ్లండు రాజు. ఆడదాని వైపు హక్కు చెల్లదన్నారు ఫ్రాన్సు వాళ్లు. తాతలు మొదలుపెట్టిన దాన్ని మునిమనవళ్లు ముగించారు. ఈలోగా ఎన్ని ఊళ్ల పైర్లు కాలిపోయాయో.

"నాకు కావల్ల అని ఆయమ్మ అడిగిందా టీచరమ్మా?" అంది వెనక బెంచీ సుగుణ. పుస్తకంలో లేదన్నాను.

ఇంటికొచ్చేసరికి మా పెద్దోడు కట్టె పట్టుకొని బయల్దేరుతున్నాడు. మా నాన్న చేనులో నా భాగం ఇమ్మని మా తమ్ముడితో నిన్ననే గొడవపడి వచ్చాడు.

"యాడికిరా?"

"నీ కోసమే పోతాండానమ్మా. నువ్వు లోపలుండు."

లోపలే ఉన్నాను. వాడింకా రాలేదు. ఆ తమ్ముణ్ణి చంకనేసుకొని పెంచింది నేనే. నాకా చేను కావాలో వద్దో ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.