నిన్న మోరిల పోసిన గంజి

సంగారెడ్డి, 7-2-89

వదినెకు మాణెమ్మ రాసేది. నేను మంచిగనే ఉన్న, అమ్మను పరేషాన్ గావద్దని చెప్పు.

ఇరవై ఊర్ల యువతి మండలీల పిల్లలం ఒక్క హాల్లనే పండుతున్నం. నిన్న వంటల పోటీ పెట్టిండ్రు. నేను బువ్వ వంచి, మనింట్ల లెక్కనే గంజి తీస్కపోయి మోరిల పోసిన. మార్కులేసే మేడమ్ ఉరికొచ్చి, "బలమంత గంజిలనే ఉంటది, గది గూడ తెల్వదా?" అన్నది. అందరు నవ్విండ్రు. "మా బాయి నీళ్ల గంజి మందు వాసనొస్తది మేడమ్, బర్రె గూడ మూతి పెట్టది" అన్న. ఏ ఊరని అడిగింది. చెప్పిన. మందుల కంపెనీల పక్కూరని తెల్సినా, మార్కులు మాత్రం కొట్టేసింది. పక్క పొయ్యి పిల్ల తన గంజిల ఇంత ఉప్పేసి నాకిచ్చింది. తాగిన. ఏ వాసన లేదు.

ట్యాంకర్ వచ్చిందా? వస్తే ఆ రెండు బిందెలు తాగనీకె ఉంచు, వంటకు తియ్యకు. దండెం మీద నా ఓణి తీసినవా? శనివారం పొద్దుగూకేవరకు అన్నను బస్సు కాడికి పంపు. ఇక్కడి నల్లా నీళ్లు పెద్ద డబ్బా నిండ తెస్తున్న, ఒక్కదాన్ని మొయ్యలేను.

నాయినమ్మ రోజు గంజి అడుగుతుంటే బర్రెకు పోసినమని అబద్ధం చెప్తున్నం గద. ఆదివారం పొయ్యి నేనే ముట్టిస్త. బియ్యం సుత మన నీళ్లల్ల కడిగి పెట్టకు.

ఈ కార్డు ఆమె ముందట సదవకు. కాళ్లు మొక్కిన అని రాసిందను, గంతే.

మాణెమ్మ