పెద్ద నర్సమ్మ సమాధికి సున్నం

చిరంజీవి తమ్ముడు అప్పన్నకు, జంషెడ్‌పూర్ గోల్‌మురి నుంచి నీ అప్ప సన్యాసమ్మ వెయ్యి దీవెనలతో చెప్పి రాయిస్తున్నది. నువ్వూ, మరదలు గౌరమ్మా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేం బాగున్నాం. నా మోకాళ్లొక్కటే నా మాట వినడం లేదు. వానలు ఇంకా తగ్గలేదు గానీ మీ బావకు దగ్గు తగ్గింది. ఈ ఉత్తరం మనవరాలు రాజ్యం రాస్తోంది. నేను తెలుగులో చెబితే హిందీలో జవాబిస్తుంది, రాత మాత్రం ముత్యాలేనని అందరూ అంటారు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. కిరస్తానీ గోరీకి సున్నం పూసిన చేత్తో అమ్మోరి ఘటం ముట్టకూడదని, వచ్చే నెల పండక్కి పిన్ని కూతురు ఎత్తుతుందని రాశావు. ఆ ఇంటి ఆడబిడ్డనై పాతికేళ్లు ఎత్తాను నేను. నిన్ను నాలుగు తిడుతూ రాయిద్దామనే కూర్చున్నాను. ఈలోగా ఇక్కడ ఏం జరిగిందో విను. నాలుగు రోజులైంది, ఆనందంతో నాకు అన్నం సయించడం లేదు.

పెద్ద నర్సమ్మ అంటే, నేను ఆస్పత్రిలో ఆయాగా ఉన్నప్పుడు పురుళ్ల వార్డు చూసిన తెల్లావిడ. పెద్ద యుద్ధం అయ్యాక ఏదో దేశం నుంచి వచ్చింది. ఆవిడ పక్కన నిలబడి ఎంతమంది పిల్లల్ని అందుకున్నానో నాకే తెలియదు. ఇక్కడే పోయింది, నా అన్నవాళ్లు లేరు. అందుకే ఏటా దసరా ముందు మా ఇంటికి సున్నం వేసేటప్పుడు ఒక బకెట్టు ఎక్కువ కలిపి ఆవిడ సమాధికీ వేస్తాను, అంచుకు ఎర్రమన్ను దిద్దుతాను. అక్కడ అంత తెల్లటి సమాధి ఇంకోటి లేదు. "మిగిల్తే నాకూ పుయ్యే, దొరనైపోతాను" అని మీ బావ ఎగతాళి.

మొన్న సోమవారం ఆస్పత్రి గుమాస్తా రిక్షా వేసుకుని మా క్వార్టరుకు వచ్చాడు. పరదేశం నుంచి ఒకావిడ నర్సమ్మ సమాధి కోసం వచ్చిందట. రెండు రోజులుగా శ్మశానంలో ప్రతి రాయీ చదువుతూ తిరిగినా దొరకలేదట. కాపలావాడు కొత్తవాడు, వాడికేం తెలియదు. ఆ సాయంత్రమే ఆవిడ రైలు. నాకు నవ్వొచ్చింది, కళ్లు మూసుకుని వెళ్తానన్నాను. తీసుకెళ్లి, ఇదేనని చూపించాను.

వచ్చినావిడ సమాధి చుట్టూ తిరిగి నా మొహంలోకి చూసింది. గుమాస్తా, "మౌసీ, ఇస్ పర్ నామ్ కహాఁ హై?" అన్నాడు. దీని మీద పేరేదీ అని.

నేను చేసిన పని అప్పుడు తెలిసింది తమ్ముడూ. ఆ రాతి మీద చెక్కినవి అక్షరాలని నాకు తెలుసు. కానీ చదువురాని దాన్ని, నాకవి ఉత్త గాట్లే. వాన నీళ్లు నిలిచి నాచు పడుతోందని ఏటేటా కుంచె ఒత్తి మరీ పూడ్చాను. ఎంత శ్రద్ధగా పూడ్చానంటే ఆ మనిషికి పేరే లేకుండా చేశాను.

"ఆ పేరు నానే కప్పెట్టేసినాను. నానే తీత్తాను" అన్నాను.

కాపలావాడి చేత నీళ్లు తెప్పించి కొబ్బరిచిప్పతో గీకాను. పదేళ్ల సున్నం ఉల్లిపొరల్లా లేచింది. ఆవిడ తలపిన్ను తీసి, మంచి బట్టలతోనే నా పక్కన బురదలో కూర్చుని తవ్వింది. ఒక్కొక్క అక్షరం బయటపడుతుంటే పైకి చదివింది. చివరిది వచ్చాక రాతికి చెంప ఆనించి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. గుమాస్తా గడియారం చూడడం మానేశాడు.

అప్పుడు చెప్పింది, గుమాస్తా నాకు హిందీలో తిప్పి చెప్పాడు. యుద్ధంలో వాళ్ల దేశాన్ని పట్టుకున్న సిపాయిలు యూదులనే మతంవాళ్లను ఇళ్లలోంచి లాక్కెళ్లి చంపేవారట. ఈవిడా యూదుల పిల్లే, అప్పటికి ఎనిమిదేళ్లు. నర్సమ్మ తల్లినీ పిల్లనీ అంటురోగాల వార్డులో రోగుల్లా పడుకోబెట్టి రెండేళ్లు దాచిందట. సిపాయిలు వస్తే తలుపు బార్లా తీసి, లోపలికొచ్చి చూసుకోండి అనేదట. జబ్బు అంటుకుంటుందని వాళ్లు గుమ్మంలోంచే వెళ్లిపోయేవారట. దొరికితే ముందు నర్సమ్మ ప్రాణమే పోయేది. ఇన్నేళ్లు నా పక్కన పనిచేసి ఒక్క ముక్క చెప్పలేదు చూడు.

నర్సమ్మ నీకేమవుతుందని ఆవిడ గుమాస్తా చేత అడిగించింది. "నాతో పనిసేసిన మనిసి" అన్నాను. ఆవిడ సున్నంతో పగిలిన నా రెండు చేతులూ తీసుకుని కళ్లకద్దుకుంది. అట్నుంచి అటే టాటానగర్ స్టేషనుకు వెళ్లింది.

ఈ ఏడూ సున్నం వేస్తాను, అక్షరాలు వదిలి. ఎక్కడ వదలాలో రాజ్యం పక్కనుండి చూపిస్తానంది.

ఇంటికి పెద్ద, మన పెద్దబాబయ్యకు నా దండాలు, ఆయన దీవెన నాకు కావాలని చెప్పు. గౌరమ్మను ఎండు నెత్తళ్ల చేపలు దాచి ఉంచమను, ఇక్కడ దొరికేవి సగం ఇసకే. పండక్కి నేను వస్తున్నాను. ఘటం సంగతి మీ పెద్దమనుషులు తేల్చనక్కర్లేదు. అమ్మోరి ముందు నిలబడి ఇదంతా నా నోటితో చెప్పి, ఈ రెండు చేతులూ చాపుతాను. ఆవిడ వద్దంటే దించుకుంటాను. నువ్వు వద్దంటే దించుకోను.

నీ మేలు కోరే
అప్ప సన్యాసమ్మ వేలిముద్ర