గోస్తకం ఎవరిది

వరంగల్ కాశిబుగ్గలో ఉండే చేనేత పనివాణ్ణి, కీర్తిశేషులు కొంరయ్య కుమారుణ్ణి, ఆడెపు గుండయ్య అనే నేను అరవై నాలుగో ఏట, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. ఆయాసం తప్ప వేరే జబ్బు లేదు. బుద్ధి సరిగానే ఉందని నా భార్య రాజక్క కూడా మొదటిసారి ఒప్పుకుంది.

1. ఇల్లు, మగ్గం రాజక్కకు. ఆమె తదనంతరం కొడుకు సమ్మయ్యకు.

2. 1973 నుంచి ఏడేళ్లు మా వాకిలి గోడకున్న నల్లబల్ల మీద రోజూ పొద్దున నాలుగు మాటలు రాశాను: నూలు రాలేదని, నల్లా నీళ్లు రాలేదని, చేనేత సంఘం ఎన్నికల్లో ఎవరు ఎవరికి చాయ్ తాగించారని. చదివినవాళ్లు కింద జవాబులు రాసేవారు. సాయంత్రం తుడిచేసేవాణ్ణి. 1981లో ప్రెస్సు గోపాల్ వాటిని పుస్తకంగా అచ్చేశాడు. "గోడ మీది పుస్తకం గద మామా, రెండు కలిపి గోస్తకం అందాం" అన్నాడు. "మంచిగున్నది, మా గోసంత అండ్లనే ఉన్నది" అంది రాజక్క.

3. అటక మీదున్న అమ్ముడుపోని కాపీలన్నీ సమ్మయ్యకు. తూకానికి అమ్మరాదు. "గోడ మీదున్నప్పుడు వాడకట్టంత చదివిండ్రు బాపూ, కొనుమంటె ఎవ్వలకు కండ్లు కనవడ్తలెవ్వు" అన్నాడు వాడు. నిజమే గనక మన్నించాను.

4. గోపాల్‌కు ఏమీ లేదు. జనం జవాబులన్నీ తీసేసి, నా "వస్తలేదు"ను "వచ్చుట లేదు" అని దిద్దినందుకు. ఈ వీలునామాలో ఏమీ దక్కదు గనక సాక్షిగా పనికొస్తాడు. దస్తూరీ అతనిదే.

5. ఎదురింటి యాకమ్మ మగ్గాలకు నూలు కండెలు చుట్టి బతుకుతుంది. అయిదో తరగతి చదువు మరిచిపోకూడదని రోజూ బల్ల మీదివి నోటుబుక్కుల్లోకి ఎక్కించుకునేది. ఆ నోటుబుక్కులు లేకపోతే పుస్తకమే లేదు. అయినా ముందుమాటలో ఆమె పేరు లేదు. అది చిన్న తప్పు.

పెద్దది ఇది. 1977లో నేను నలభై రోజులు దవాఖానలో ఉన్నాను. బల్ల ఆగలేదు. నా పేరుతో యాకమ్మే రాసింది. పుస్తకంలో అందరూ మెచ్చుకున్న ఇరవై రెండు పేజీలూ అవే. నాకు శాలువా కప్పిన సభలో ఆమె వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. నేను శాలువాతో ఇంటికొచ్చాను.

ఈ మాట రాయిస్తుంటే గోపాల్ కలం ఆపి, "నిజమా మామా?" అన్నాడు. "రాయి" అన్నాను.

కాబట్టి గోస్తకం మీద సర్వహక్కులూ యాకమ్మవి. మళ్లీ అచ్చయితే పైన ఆమె పేరు, కింద నాది. నిరుడు క్షమాపణ చెప్పబోతే, "నీ పేరు మీద రాస్తెనే చదివిండ్రన్నా, నా పేరు మీద రాస్తె తుడిచేద్దురు" అంది.

ఈసారి అచ్చులో ఉంటుంది, తుడవడం కుదరదు.

కాశిబుగ్గ, 9 మార్చి 1986
(సంతకం) ఆడెపు గుండయ్య

సాక్షులు:
వేముల గోపాల్, ప్రెస్సు
చిందం వెంకట్రాజం, సంఘం గుమాస్తా