గుడ్లగూబకు వచ్చిన ఓట్లు

జూలై 6, ఆదివారం

పొద్దుట మబ్బు వేసింది, చినుకు పడలేదు. ఆకుమడిలో వరినారు అంచులు పసుపెక్కాయి. నాన్న, నేను బావి నీళ్ళు తోడి పోశాం. మిగతా వారమంతా నాకు గుణుపూర్‌లో జిరాక్స్ షాపు పని. బొమ్మలు గీయడానికి ఆదివారం ఒక్కటే.

మధ్యాహ్నం నా కామిక్ పదకొండో ఎపిసోడ్ ఆన్‌లైన్ పేజీలో పెట్టాను. మేఘాల కోటలోంచి ఎవరో వానను దొంగిలించారు. యువరాణి వెతుకుతోంది. ప్రతి ఎపిసోడ్ చివర పోల్ ఉంటుంది. మీరు చెప్పినట్టే కథ నడుస్తుందని పేజీ పైన రాసుకున్నాను. ఈసారి ప్రశ్న: దొంగ ఎవరు? మంత్రి గుడ్లగూబా, రోకలి ముసలా?

రోకలి ముసలి మొహం మా పక్కింటి గున్నమ్మత్తది. చుబుకం మీద మూడు పచ్చబొట్టు చుక్కలతో సహా. కిందటేడు కళ్ళంలో ధాన్యం ఉండగా మబ్బు కమ్మితే నాన్నే ఆవిణ్ణి పిలిచాడు. ఆవిడ రోకలిని వాకిట్లో పడుకోబెట్టి, ఈ పూటకి ఎల్లిపోవే వానతల్లీ, అంది. ఆవిడ చేతికి వాన ఆగుతుందని మా వీధి నమ్మకం. అందరూ దణ్ణం పెట్టారు. నాకా దృశ్యం నచ్చింది, గీశాను.

ఫోన్‌లో చూపిస్తే అత్త నవ్వింది. ఓలమ్మ, నా ముక్కు అంత లావేటే అమ్మి, అంది. తరవాత నన్నేటి సేస్తావని అడిగింది. జనం చెప్తారత్తా అన్నాను.

జూలై 9, బుధవారం, సాయంత్రం 6

పోల్ ముగిసింది. గుడ్లగూబ 214. రోకలి ముసలి 209.

ముసలే గెలుస్తుందనుకుని నాలుగు పేజీలు ముందే గీసేశాను. రంగులు కూడా వేశాను.

ఓట్ల లెక్క నాకొక్కదానికే కనబడుతుంది.

జూలై 13, ఆదివారం

వాన లేదు. ఎపిసోడ్ పెట్టాను. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో, మీ తీర్పు: రోకలి ముసలి.

కామెంట్లు తొంభై దాటాయి. పార్వతీపురం నుంచి ఒకాయన, దాని కళ్ళు చూసినప్పుడే అనుకున్నా, అని రాశాడు. కొరాపుట్‌లో మెడిసిన్ చదివే బిశ్వజిత్ గూస్‌బంప్స్ అని పెట్టాడు. సంతోషించాను. అది రాయకపోతే ఇంకో అబద్ధం అవుతుంది.

జూలై 17, గురువారం

ఆకుమడి సగం ఎండింది. చిన్నాన్న కూతురు బుల్లి బోరింగ్ దగ్గర నా కామిక్ అందరికీ చూపిస్తోంది. మాది ఒడిశా, ఊళ్ళో చదివినవాళ్ళందరిదీ ఒడియా మీడియం, తెలుగు అక్షరాలు రావు. నేను ఆంధ్రాలో అమ్మమ్మ ఊళ్ళో చదివాను కాబట్టి నాకు వచ్చు. వాళ్ళు బొమ్మలే చూస్తారు. బొమ్మలో గున్నమ్మత్త మేఘాన్ని రోకలి కింద తొక్కిపట్టి కూర్చుంది.

మా వీధి ఢిల్లీశ్వరరావు బావ చూసి, అయితే మన వాన నీ రోకలి కిందున్నాదేటి అత్తా, తియ్యవే, ఆకు మాడిపోతన్నాది, అన్నాడు. గున్నమ్మత్త బిందె ఎత్తుకుంటూ, ముందు నీ పెళ్ళానికి సెప్పి నీ నోరు మూయించరా, వాన అదే వస్తాది, అంది. అందరూ నవ్వారు.

జూలై 20, ఆదివారం

కొత్త పోల్. ముసలిని క్షమించాలా, కోట నుంచి తరిమేయాలా. క్షమిస్తారని నా నమ్మకం. అప్పుడు నా తప్పు కూడా కథలోనే సర్దుకుంటుంది.

జూలై 22, మంగళవారం

ఇవాళ ఎవరూ నవ్వలేదు. ఢిల్లీశ్వరరావు బావ అత్త గుమ్మం ముందు నిలబడి, రోకలి లోపలెట్టు అన్నాడట. ఆర్నెల్ల కాడ్నించి లోపలే ఉన్నాది కదరా, అందట. అయితే పొయ్యిలో ఎట్టు అన్నాడట. బుల్లి చెప్పింది.

జూలై 23, బుధవారం

తరిమేయాలి 388. క్షమించాలి 61. ఈ లెక్క నిజం.

జూలై 25, శుక్రవారం

షాపు నుంచి నేరుగా అత్త ఇంటికి వెళ్ళాను. బియ్యం చెరుగుతోంది. చెప్పేశాను. జనం గుడ్లగూబ అన్నారని, ఐదు ఓట్లే తేడా అని.

చేట ఆపకుండానే, మరి నన్నెందుకెట్టేవు, అంది. నాలుగు పేజీలు అప్పటికే గీసేశానన్నాను. గీసింది సింపీస్తే ఏటయ్యేదే అమ్మి, అంది.

చేట పక్కన పెట్టి, నాను సెప్తే ఎవులింటారు, నువ్వే బోరింగ్ కాడ నిలబడి ఆ ముక్క సెప్పు, అంది. రేపు చెప్తానన్నాను.

జూలై 26, శనివారం

బోరింగ్ దగ్గర పదిమంది ఉన్నారు. బిందె నింపుకుని వచ్చేశాను.

జూలై 27, ఆదివారం

చెప్పలేదు, రాశాను. ఒక్కటే పేజీ. నల్ల పేజీ మీద తెల్ల అక్షరాలు. మీరు గుడ్లగూబనే ఎన్నుకున్నారు, నేను లెక్క మార్చాను, ఆ ముసలామెకు ఏ పాపమూ తెలియదు, అని.

కామెంట్లు: ట్విస్ట్ అదిరింది. రైటరే విలనా, సూపర్. ముసలిది రైటర్‌కి కూడా మందు పెట్టేసిందిరా. ఇప్పటిదాకా నేను పెట్టిన వాటిలో దీనికే ఎక్కువ షేర్లు.

ఊళ్ళో ఎవరూ చదవలేదు. బుల్లి, ఇందులో బొమ్మల్లేవేటి అక్కా, అని వేలితో పైకి తోసేసింది.

వాళ్ళకు తెలుగు చదవడం రాదని రాసేటప్పుడు నాకు తెలియదా? తెలుసు.

జూలై 30, బుధవారం

వాన. రెండు రోజులుగా ఆగలేదు. మడుల్లో నీళ్ళు నిలిచాయి.

ఆగస్టు 1, శుక్రవారం

ఉభాలు, అంటే వరినాట్లు, మొదలయ్యాయి. మొదట మా మడే. మిగిలిన ఆకుకి ఢిల్లీశ్వరరావు బావ ఎక్కడినుంచో ఇంకొంత తెచ్చి కలిపాడు. ఇరవై ఏళ్ళుగా నాట్లేసే ఆడవాళ్ళ వరసలో మొదటి మనిషి గున్నమ్మత్త. ఆవిడ పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటారు. ఇవాళ ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు. నాన్నను అడిగాను. ఎందుకమ్మి, వచ్చిన వాన మళ్ళీ పోతేనో, అన్నాడు. కళ్ళంలో ఆవిణ్ణి పిలిచింది ఈయనే.

పిలవకపోయినా వచ్చింది. చీర ఎగదోపుకుని గట్టు మీద గంటసేపు కూర్చుంది. ఎవరూ ఆకు కట్ట అందివ్వలేదు. షాపుకు సెలవు పెట్టి నేనూ వరసలోనే ఉన్నాను. వంచిన తల ఎత్తలేదు. పాట లేకుండానే నాట్లు పడ్డాయి.

ఆగస్టు 3, ఆదివారం

ఎపిసోడ్ పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని నూట నలభై మెసేజ్‌లు.

అత్త కూతురు పుష్ప మాచ్‌ఖండ్ కాలనీలో ఉంటుంది. వచ్చెయ్యమని ఎప్పటిలాగే ఫోన్ చేసిందట. అల్లుడింట ముద్ద ముట్టనని పదేళ్ళుగా అంటున్న మనిషి, సరే అందట.

ఆగస్టు 5, మంగళవారం

గున్నమ్మత్త పొద్దున్న ఆరున్నర రాయగడ బస్సుకు వెళ్ళిపోయింది. ఒక మూట, ఒక చేట. రోకలి తీసుకెళ్ళలేదు. నేను ఇంట్లోనే ఉన్నాను.